“పేగు కణాలు పురుగుని చంపేస్తాయి” – పోస్టరులో ఈ లైను ఉంచాలా, తియ్యాలా?

చాక్‌పీస్_పర్లా · శనివారం ఉదయం 7:40

ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం. దానికి ముందు గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు మాటాడే ఊళ్ల ఆశాలకి, అంగన్‌వాడీ వాళ్లకి, బడి మాస్టార్లకి ఇచ్చే పోస్టరు ఇది. ఒక పక్క ఒడియా, రెండో పక్క తెలుగు. ఒడియా పక్క అయిపోయింది. తెలుగు చిత్తులో ఈ పేరా ఉంది:

“పురుగు పేగులోకి రాగానే పేగు కణాలు దాన్ని గుర్తుపట్టి చంపేస్తాయి. బలం లేని పిల్లల్లో మాత్రమే పురుగులు మిగులుతాయి. అందుకే మాత్ర.”

రెండో వాక్యం నాకు మింగుడుపడటం లేదు. మొదటిది ఉంచవచ్చా? సోమవారం ప్రెస్సుకి వెళ్లాలి.

గుహిక · 8:25

రెండూ తీసెయ్యాల్సినవే మాస్టారూ. మొదటి దాంట్లో “రాగానే” తప్పు, “చంపేస్తాయి” తప్పు.

కొలతలు చూడండి. కొంకిపురుగు సుమారు ఒక సెంటీమీటరు, అంటే 10,000 మైక్రాన్లు. పేగు గోడలో ఒక కణం ఎత్తు 20–30 మైక్రాన్లు. ఆడ ఏలికపాము 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. బాక్టీరియాని మింగినట్టు దాన్ని మింగే కణం ఒంట్లో ఎక్కడా లేదు. అందుకని పేగు ఆ చోటునే పురుగుకి పనికిరాకుండా చేస్తుంది. జిగురు పోస్తుంది, నీరు వదుల్తుంది, గోడ కణాల్ని తొందరతొందరగా రాల్చేస్తుంది, కండరాన్ని బిగిస్తుంది. వాకిట్లో కల్లాపి చల్లి ఊడ్చినట్టు అనుకోండి.

ముందుగా పసిగట్టేది టఫ్ట్ కణం. నెత్తిన పిలకలాగా సూక్ష్మచూషకాల (కణం పైన వెంట్రుకల్లాంటి మొలకల) గుత్తి ఉంటుంది, పేరు అందుకే వచ్చింది. మామూలు చిన్నపేగులో ఇవి నూటికి ఒకటి కూడా కష్టమే. 1956లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనబడ్డాయి గానీ, అవి ఎందుకున్నాయో అరవై ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 2016లో మూడు బృందాలు విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి. వరస ఇది:

పరాన్నజీవి వచ్చిందని టఫ్ట్ కణం పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్-25 అనే కబురు పదార్థం వదుల్తుంది. పేగు ఉపకళలో (గోడ లోపలి కణాల పొరలో) ఈ పదార్థం ఇంకో కణం నుంచి రాదు. అది గోడ కింద కాచుకుని ఉన్న ఐఎల్‌సీ2 అనే తెల్లకణాలకి తగుల్తుంది. అవి ఇంటర్‌ల్యూకిన్-13 వదుల్తాయి. ఆ 13 తిరిగి పైకొచ్చి, చూషకాల (పేగు గోడ మీద వేళ్లలాంటి మొలకల) మొదట్లో ఉండే గుహికల్లోని (చిన్న గుంటల్లోని) మూలకణాలకి చెబుతుంది: “ఇకమీదట పుట్టేవాళ్లలో గోబ్లెట్ కణాలు (జిగురు పోసేవి), టఫ్ట్ కణాలు ఎక్కువ ఉండాలి” అని. కొత్త టఫ్ట్ కణాలు మళ్లీ 25 వదుల్తాయి. చక్రం తిరిగేకొద్దీ జోరందుకుంటుంది.

“రాగానే” తప్పని ఎందుకన్నానంటే, గుహికలో పుట్టిన కణం మెట్లెక్కినట్టు చూషకం కొసకి చేరి రాలిపోవడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. పాత గోడ పోయి కొత్త గోడ రావాలి. ఎలుకల్లో నిప్పోస్ట్రాంజిలస్ అనే పురుగుని ఇస్తే (ఇది మన కొంకిపురుగులాగే చర్మం, ఊపిరితిత్తి, పేగు దారిన వస్తుంది) మూడు నాలుగు రోజులకి పేగు చేరుతుంది. వారం తిరిగేసరికి టఫ్ట్ కణాలు పదింతల దాకా పెరుగుతాయి. తొమ్మిది, పది రోజులకి పురుగులు బయటికి పోతాయి. టఫ్ట్ కణాలు అసలు పుట్టకుండా పీఓయూ2ఎఫ్3 జన్యువు తీసేసిన ఎలుకల్లో ఈ పని చాలా వెనకబడుతుంది, పురుగులు మిగిలిపోతాయి.

కాశీనగర్_కుర్రోడు · 9:02

గుహిక గారూ, ఆ పిలక కణానికి పురుగు వచ్చిందని ఎలా తెలుస్తాది? పురుగుకి ఏటైనా వాసనా?

గుహిక · 9:20

“పిలక కణం” బాగుంది తమ్ముడూ, ఈ చర్చలో అదే వాడుకుందాం.

వాసన కన్నా రుచి అనడం నయం. నాలుక మీద చేదు, తీపి పసిగట్టే కణాల్లో ఉండే టీఆర్‌పీఎమ్5 అనే ద్వారమే దీంట్లోనూ ఉంది. ట్రైట్రైకోమోనాస్ అనే ఏకకణజీవి ఎలుక పేగులో ఉంటే సక్సినేట్ అనే ఆమ్లం వదుల్తుంది. పిలక కణం మీద సక్సినేట్‌కి గ్రాహకం ఉందని, తాగేనీళ్లలో సక్సినేట్ కలిపి ఇచ్చినా చాలు చక్రం మొదలవుతుందని 2018లో తేలింది. నిప్పోస్ట్రాంజిలస్ విషయంలో మాత్రం సక్సినేట్ గ్రాహకం తీసేసినా చక్రం తిరిగింది. అంటే పురుగుని ఇంకో గుర్తుతో పట్టుకుంటోందన్నమాట. పోస్టరుకి ఇదంతా అక్కర్లేదనుకోండి.

గుణుపురం_స్లైడు · 10:11

పోస్టరులో అన్నిటినీ కలిపి “పురుగు” అన్నారు, దాని గురించి ల్యాబు వైపు నుంచి ఒక మాట. మన పక్క నులిపురుగులంటే అన్నీ కలిసిపోతాయి, ఒడియాలో కృమి అన్నట్టే. శిక్షణలో మాత్రం విడదియ్యాలి, లేకపోతే ఆశా దీదీ ఏ నమూనా ఎలా పంపాలో తెలియక తికమకపడుతుంది.

అసలు నులిపురుగు రాత్రి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది, మలంలో దాదాపు దొరకదు. పొద్దున్న లేవగానే, కడుక్కోకముందు, పారదర్శక టేపు అంటించి స్లైడు మీద వెయ్యాలి. ఏలికపాము, కొరడాపురుగు, కొంకిపురుగు మాత్రం మలంలోనే గుడ్లు పెడతాయి. వీటికి కాటో-కాట్జ్ స్మియర్ (మలాన్ని స్లైడు మీద పలచగా పరిచి గుడ్లు లెక్కపెట్టే పద్ధతి) చెయ్యాలి.

దాంట్లో ఎక్కువ దెబ్బతినేది కొంకిపురుగు గుడ్డే. పెంకు పలచన, రంగు లేదు, లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాల ముద్ద, ముద్దకీ పెంకుకీ మధ్య ఖాళీ. సైజు 60 × 40 మైక్రాన్ల లెక్క. గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తూ పోతుంది, చేస్తూ చేస్తూ ఈ గుడ్డునీ మాయం చేస్తుంది. అందుకే స్లైడు వేసిన 30 నుంచి 60 నిమిషాల లోపల చూడాలి. మే నెలలో ఇంకా తొందరపడాలి. ఏలికపాము, కొరడాపురుగు గుడ్లకి పెంకు గట్టి, గంట తర్వాతైనా, మర్నాడైనా కనబడతాయి. “సాయంత్రం అన్ని స్లైడ్లూ ఒకేసారి చూద్దాం” అన్న చోట కొంకిపురుగు రిపోర్టు ఎప్పుడూ సున్నాయే. ఆ సున్నాని పట్టుకుని ఆ ఊళ్లో కొంకిపురుగు లేదనుకోవద్దు.

చాక్‌పీస్_పర్లా · 10:30

కాటో-కాట్జ్ మెట్లు కొంచెం వివరంగా రాస్తారా? శిక్షణ రెండో రోజు ల్యాబు వాళ్లకి వేరే కాగితం ఇవ్వాలి.

గుణుపురం_స్లైడు · 11:15

ద్రావణం: గ్లిజరిన్ 100 మి.లీ., నీరు 100 మి.లీ., 3 శాతం మాలకైట్ గ్రీన్ 1 మి.లీ. సెల్లోఫేన్ ముక్కల్ని దీంట్లో ముందురోజే, కనీసం 24 గంటలు నాననివ్వాలి. అప్పటికప్పుడు ముంచి వేస్తే సరిగా పారదర్శకం కాదు, కింద బుడగలు నిలుస్తాయి.

పాత పేపరు ముక్క మీద కొంచెం మలం పెట్టి, పైన నైలాన్ జాలీ ఒత్తి, జాలీ మీదికి వచ్చిన మెత్తటిది చెంచాతో గీకి తీసుకోండి. స్లైడు మీద టెంప్లేట్ పెట్టి (మధ్యలో 6 మి.మీ. కన్నం, 1.5 మి.మీ. మందం) ఆ కన్నాన్ని అంచు వరకు నింపి, పైన సమంగా గీసెయ్యాలి. టెంప్లేటు నిట్టనిలువుగా పైకెత్తాలి, పక్కకి లాగితే సగం దాంతోనే పోతుంది. మిగిలిన దిమ్మ మీద నానిన సెల్లోఫేన్ పరిచి, స్లైడుని తిరగేసి నున్నటి పలక మీద బొటనవేలితో సమంగా ఒత్తండి. కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పలచన కావాలి. తర్వాత స్లైడుని పక్కకి జరిపి తియ్యండి, ఎత్తితే సెల్లోఫేన్ లేస్తుంది.

కన్నంలో పట్టేది 41.7 మి.గ్రా. స్లైడు మొత్తంలో లెక్కపెట్టిన గుడ్లని 24తో గుణిస్తే గ్రాముకి గుడ్లు. కొంకిపురుగుకి 2,000 లోపు తేలిక, 2,000 నుంచి 3,999 మధ్యరకం, 4,000, ఆపైన భారీ. నీళ్లవిరేచనం నమూనాకి ఈ పద్ధతి పనికిరాదు, టెంప్లేట్‌లో నిలవదు. ఫార్మలిన్‌లో వేసింది కూడా వద్దు.

కొండమీది ఊరి నుంచి వచ్చే నమూనాల సంగతి వేరే చెప్పాలి. కొంకిపురుగు గుడ్డు వెచ్చదనంలో ఒకటి రెండు రోజుల్లో పొదిగి డింభకం బయటికొస్తుంది. పొద్దున్న తీసిన డబ్బా మర్నాడు మధ్యాహ్నం గుణుపురం చేరితే స్లైడులో గుడ్లకి బదులు పాకే డింభకాలు కనబడతాయి. చూసినవాళ్లు స్ట్రాంజిలాయిడిస్ (ఇంకో రకం పేగు పురుగు) అని రాసేస్తారు. తేడా నోటి దగ్గర ఉంది: కొంకిపురుగు డింభకానికి నోటి గొట్టం పొడుగు, స్ట్రాంజిలాయిడిస్‌కి పొట్టి. స్ట్రాంజిలాయిడిస్‌కి పొట్ట మధ్యలో జననాంగపు మొగ్గ స్పష్టంగా కనబడుతుంది, రెండోదానికి కనబడీ కనబడనట్టు ఉంటుంది. మందు వేరు కాబట్టి ఈ పొరపాటు ఖరీదైనది. స్ట్రాంజిలాయిడిస్‌కి ఐవర్‌మెక్టిన్ కావాలి, నులిపురుగుల దినాన ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర సరిపోదు. పైగా అది ఒంట్లో ఉన్న మనిషికి స్టెరాయిడ్లు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

నమూనా ఆలస్యమయ్యేలా ఉంటే ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచండి, గడ్డ కట్టనివ్వొద్దు.

కాశీనగర్_కుర్రోడు · 12:40

నాకు ఒక డౌటు. ఊడ్చడమే పేగు పనైతే ఆముదం పట్టిస్తే సరిపోతాది కదా? మా పక్క ముసలోళ్లు అదే సెప్తారు.

మేకలడాక్టరు_రాయగడ · 1:05

సరిపోదు బాబూ. ఆముదం లోపలున్నదాన్ని తోస్తుంది. కొంకిపురుగు గోడని నోటితో కరిచిపట్టుకుని ఉంటుంది, దానికి ఆ తోపు లెక్కే కాదు. కొరడాపురుగు సన్నటి ముందు భాగం పెద్దపేగు ఉపకళలో సొరంగం చేసుకుని దూరి ఉంటుంది. ఏలికపాములు పొట్ట నిండా ఉన్న పిల్లకి జులాబు ఇస్తే అవి ఉండచుట్టుకుని పేగుకి అడ్డుపడే ప్రమాదం ఉంది. పొట్ట ఉబ్బి, వాంతులై, మలం ఆగిపోయిన పిల్లకి ఇంట్లో ఏదీ పట్టించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మాట పోస్టరులో ఉంటే మంచిది.

గుహిక · 1:30

డాక్టరు గారు కొరడాపురుగు సొరంగం అన్నారు కాబట్టి దాని గురించి చెప్పాలి, నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి అదే.

పురుగు కణాల్లోనే దూరి ఉంది. కణాలేమో కింద పుట్టి పైకి జరిగి రాలిపోతుంటాయి. అంటే పురుగు కదిలే మెట్ల మీద కూచుంది. మెట్లు నెమ్మదిగా కదిలితే అది వెనక్కి పాక్కుంటూ ఉన్నచోటే ఉంటుంది. వేగం పెరిగితే కణాలతో పాటు అదీ కొసకి కొట్టుకుపోయి బయటపడుతుంది. ఎలుక కొరడాపురుగు మీద 2005లో ఇదే చూపించారు. తట్టుకునే జాతి ఎలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-13 మెట్ల వేగం పెంచింది. తట్టుకోలేని జాతిలో ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఇంకో కబురు పదార్థం పైచెయ్యి అయి, గుహికలు పొడుగు సాగాయి గానీ కణాలు పైకి జరగడం మందగించింది. చూడటానికి రెండుచోట్లా గోడ “స్పందించినట్టే” ఉంటుంది. ఒకచోట పురుగు పోతుంది, ఇంకోచోట కాపురం పెడుతుంది.

జిగురులోనూ రకాలున్నాయి. పేగులో మామూలుగా ఉండేది మ్యూక్2. కొరడాపురుగు దాన్ని ప్రోటియేజ్‌లతో కొరికి పలచన చేసుకోగలదు. పురుగుని బయటికి పంపే సమయంలో గోబ్లెట్ కణాలు మ్యూక్5ఏసీ అనే ఇంకో రకం మొదలెడతాయి. మామూలుగా అది జీర్ణాశయంలో, శ్వాసనాళంలో ఉండే సరుకు. అది తీసేసిన ఎలుకలు పురుగుని వదిలించుకోలేకపోయాయి.

ఇప్పుడు మాస్టారి రెండో వాక్యం, “బలం లేని పిల్లల్లో మాత్రమే”. అదే ఎలుకకి ఒకేసారి వందల గుడ్లు ఇస్తే బయటికి పంపేస్తుంది, ఇరవై ముప్పై ఇస్తే నిలిచిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకే. మన పిల్లలకి గుడ్లు అందేది అలా కొద్దికొద్దిగానే కదా. దానికితోడు పురుగులు ఊరికే కూచోవు. ఎలుకల్లో దీర్ఘకాలం ఉండే హెలిగ్మోసోమాయిడిస్ అనే పురుగు వదిలే ప్రోటీన్లలో ఒకటి, కణం దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే హెచ్చరిక ఇంటర్‌ల్యూకిన్-33ని పట్టి కట్టేస్తుంది. ఆ పురుగు పిలక కణాల పెరుగుదలని కూడా అణచగలదు. మనిషిలో నెకేటర్ కొంకిపురుగు ఏళ్ల తరబడి బతుకుతుంది, పుష్టిగా ఉన్నవాళ్లలోనూ. అందుకని ఆ వాక్యం అబద్ధం, పైగా తల్లిని నిందించేది.

ఒక జాగ్రత్త కూడా. పిలక కణాల కథలో చాలా భాగం ఎలుకలది. మనిషి పేగు కణాలతో ల్యాబులో పెంచిన ఆర్గనాయిడ్లలో ఇంటర్‌ల్యూకిన్-4, 13 ఇస్తే పిలక కణాలు తామే విభజన చెంది పెరుగుతాయని 2024లో చూపించారు. ఎలుకలో మూలకణం నుంచే కొత్తవి రావాలి, మనిషిలో ఇంకో దారి కూడా ఉందన్నమాట. ఎలుక లెక్కలోని రోజుల్ని మనిషికి అంటగట్టి పోస్టరులో వెయ్యొద్దు.

నాగావళి_నీరు · 3:10

చర్చంతా పురుగుల చుట్టూ తిరుగుతోంది. వానాకాలంలో మన పక్క పిల్లల విరేచనాలకి ఏకకణ పరాన్నజీవులు కూడా కారణమే, వాటికి పేగు స్పందన పూర్తిగా వేరు. ఆల్బెండజోల్ ఒక్క డోసు వీటికి మందు కాదు. శిక్షణలో ఆ ఒక్క మాటైనా చెప్పాలి, లేకపోతే “మాత్ర వేశాం కదా, ఇంకా విరేచనాలేంటి” అని అడుగుతారు.

గుహిక · 3:45

నిజమే. జియార్డియా కణంలోకి దూరదు. పొట్టకింద ఉన్న చూషణ బిళ్లతో సూక్ష్మచూషకాల మీద అంటుకుంటుంది. దాని ధాటికి సూక్ష్మచూషకాలు పొట్టివైపోతాయి, కణానికీ కణానికీ మధ్య కుట్లు వదులవుతాయి. పాల చక్కెరని అరిగించే లాక్టేజ్ ఉండేది ఆ సూక్ష్మచూషకాల మీదే. అందుకే జియార్డియా పోయాక కూడా కొన్ని వారాలు కొందరికి పాలు పడవు, పొట్ట ఉబ్బి నీళ్లవిరేచనం అవుతుంది. మందు పనిచెయ్యలేదని మళ్లీ అదే మందు రాసే ముందు కొన్నాళ్లు పాలు ఆపి చూడటం మేలు, పెరుగు చాలామందికి పడుతుంది. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. ఇంకో గడుసు పని కూడా చేస్తుంది: ఆర్జినైన్‌ని అది తినేస్తుంది. పేగు కణం నైట్రిక్ ఆక్సైడ్ తయారు చెయ్యాలంటే ఆర్జినైనే కావాలి. ఆయుధం తయారయ్యే కొలిమిలో బొగ్గు ఎత్తుకుపోయినట్టు.

క్రిప్టోస్పోరీడియం పద్ధతి వేరు. అది కణం పైపొర కిందే, కానీ కణద్రవ్యానికి బయట, చిన్న గది కట్టుకుంటుంది. ఒక తరం సుమారు సగం రోజులో అయిపోతుంది, మూడు తరాలు విభజన, ఆపైన ఆడ మగ దశలు, అంతా మూడు రోజుల్లో. ఇక్కడ పిలక కణం అక్కర్లేదు, దెబ్బతిన్న కణమే కేక వేస్తుంది. లోపలి ఎన్ఎల్ఆర్‌పీ6 అనే కావలి మోగి ఇంటర్‌ల్యూకిన్-18 బయటికొస్తుంది. దాంతో తెల్లకణాలు ఇంటర్‌ఫెరాన్-గామా వదుల్తాయి, అది పక్క కణాల్ని సిద్ధం చేస్తుంది. కణాలు ఇంటర్‌ఫెరాన్-లాంబ్డా కూడా తయారుచేస్తాయి. కొరడాపురుగు దగ్గర చెడు చేసిన ఇంటర్‌ఫెరాన్-గామాయే ఇక్కడ కాపాడుతుంది. చూషకాలు మాత్రం కురచబారతాయి, గుహికలు పొడుగు సాగుతాయి. నీరు, పోషకం పీల్చే గోడ తగ్గిపోయింది కాబట్టి విరేచనం.

గుణుపురం_స్లైడు · 4:20

క్రిప్టోకి స్మియర్ రంగు వేసేవాళ్లు క్షయ కళ్లె పద్ధతిలో వేస్తున్నారు, అక్కడే పోతోంది. 20–25 శాతం ఆమ్లంతో కడిగితే ఊసిస్టుల (మలంలో బయటపడే, గుడ్డులాంటి దశ) రంగు కూడా కొట్టుకుపోతుంది. మిథనాల్‌తో 3 నిమిషాలు స్థిరపరచి, చల్లటి స్ట్రాంగ్ కార్బాల్ ఫ్యూక్సిన్ 15–20 నిమిషాలు, 1 శాతం ఆమ్ల మిథనాల్‌తో 10–15 సెకన్లే, ఆపైన మాలకైట్ గ్రీన్ 30 సెకన్లు. వేడి చెయ్యక్కర్లేదు. పచ్చటి నేల మీద గులాబీ గుండ్రాలు 4–6 మైక్రాన్లవి కనబడాలి. 8–10 మైక్రాన్లుండి కొన్ని గులాబీగా, కొన్ని రంగు పట్టకుండా దెయ్యాల్లా ఉంటే అది సైక్లోస్పోరా అనే ఇంకో పరాన్నజీవి. మైక్రోమీటరు పెట్టి కొలవకుండా రిపోర్టు రాయొద్దు.

నాగావళి_నీరు · 4:55

దానికి నీళ్ల లెక్క జతచేస్తాను. 25 డిగ్రీల నీళ్లలో క్రిప్టో 99.9 శాతం చావాలంటే క్లోరిన్ మోతాదుని (లీటరుకి మిల్లీగ్రాముల్లో) నిమిషాలతో గుణిస్తే 15,300 రావాలి. కొళాయి దగ్గర ఉండే లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్‌తో అది 21 రోజులు. కాబట్టి వాగులో తవ్వుకున్న చెలమలో బ్లీచింగు చల్లితే కలరా ఆగుతుంది, ఇది ఆగదు. చీర మడతల్లో వడకట్టినా 5 మైక్రాన్లది ఆగదు. తెర్లే దాకా కాచి, తెర్లుతుండగా ఒక నిమిషం ఉంచడమే ఇంటిలో జరిగే దారి. పుట్టిన మూడు వారాల లోపు దూడకి విరేచనం అయితే దాన్ని చెలమకీ, తాగునీటి బిందెలకీ దూరంగా కట్టండి, ఆ పేడలో ఊసిస్టులు కోట్లలో ఉంటాయి.

కాశీనగర్_కుర్రోడు · 5:30

బీఎస్సీ ప్రాక్టికల్‌కి ఇవి కంటితో చూపించాలంటే ఏటి చెయ్యాలి? ఎలుకలు, ఆర్గనాయిడ్లు మాకెక్కడివి.

మేకలడాక్టరు_రాయగడ · 6:15

సంతలో మాంసం కొట్టు దగ్గరికి వెళ్లండి. మేక పెద్దపేగు మీద కందిగింజ నుంచి శనగగింజంత గడ్డలు వరసగా కనబడితే అది ఈసోఫాగోస్టోమమ్ అనే పురుగు పని. ఒక గడ్డ బ్లేడుతో కోస్తే పచ్చపసుపు జున్నులాంటి ముద్ద వస్తుంది. కొత్తదైతే ముద్దలో డింభకం చుట్టుకుని ఉంటుంది, పాతదైతే బ్లేడుకి ఇసుక తగిలినట్టు సున్నం గరగరలాడుతుంది. గుహిక గారు చెప్పిన ఊడ్చే పద్ధతికి ఇది రెండో ముఖం. గోడలోకి దూరినదాన్ని ఊడ్చలేక చుట్టూ గోరీ కట్టింది పేగు. దాని ఖరీదు మేకే కట్టుకుంటుంది, ఆ గడ్డలున్న పేగు సరిగా కదలదు.

కణం లోపల చూడాలంటే నాటుకోడి పిల్లలు. రక్తపు రెట్టతో చచ్చిన పిల్ల అంధపేగు కోసి, గోడని గీకి సెలైన్ చుక్కలో వెయ్యండి. ఐమీరియా టెనెల్లా అనే కోళ్ల పరాన్నజీవి షైజాంట్లు (కణం లోపల విభజన చెందే దశ) గుత్తులు గుత్తులుగా, నిమ్మతొనలు పేర్చినట్టు కనబడతాయి. నోట్లోకి పోయిన ఐదో రోజుకి రెండో తరం షైజాంట్లు పగిలి రక్తం కారుతుంది, ఏడో రోజుకి ఊసిస్టులు రెట్టలో పడతాయి. అవి బయట వెచ్చగా, తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో అంటించే దశకి వస్తాయి. అందుకే నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన ఊక రోజూ తీసెయ్యమనేది.

మిగిలిన పిల్లలకి ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, 3 నుంచి 5 రోజులు. ఆ తర్వాత లీటరుకి 0.3 గ్రాములు ఒకటి రెండు వారాలు. అప్పుడు బీ1 ఉన్న విటమిన్ నీళ్లు ఇవ్వకూడదు. ఆ మందు పనిచేసేదే పరాన్నజీవికి బీ1 అందకుండా చేసి, మీరు బీ1 పోస్తే మందుకి విరుగుడు పోసినట్టే.

గుహిక · 7:00

గోబ్లెట్ కణాలకి అదే మాంసం కొట్టు నుంచి చిన్నపేగు 2 సెం.మీ. ముక్క తీసుకుని, కోసిన పది నిమిషాల లోపల 10 శాతం న్యూట్రల్ ఫార్మలిన్‌లో వెయ్యండి, ముక్కకి పదింతలు ద్రావణం ఉండాలి. ఆలస్యమైతే చూషకం కొసలు వాటంతటవే కరిగి రాలిపోతాయి, చూసినవాళ్లు అది జబ్బు వల్ల అనుకుంటారు. కొళాయి కింద పెట్టి కడగొద్దు, జిగురంతా పోతుంది. జిగురు పొర మందమే కొలవాలంటే ఫార్మలిన్ కాదు, కార్నాయ్ ద్రావణం: ఇథనాల్ 60, క్లోరోఫాం 30, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 10 పాళ్లు.

రంగుకి ఆల్సియన్ బ్లూ పీహెచ్ 2.5 అరగంట, తర్వాత పీరియాడిక్ ఆమ్లం, షిఫ్. ఆమ్ల జిగురు నీలం, తటస్థ జిగురు ముదురు గులాబీ. పిలక కణాలు ఈ రంగుల్లో తేలవు, దానికి డీసీఎల్‌కే1 యాంటీబాడీ కావాలి, అది బరంపురం స్థాయి పని.

చాక్‌పీస్_పర్లా · ఆదివారం ఉదయం 6:50

అందరికీ దండాలు. మార్చిన పేరా:

“పురుగుని చంపడం పేగుకి చేతకాదు. జిగురు, నీరు పెంచి బయటికి నెట్టాలని చూస్తుంది. దానికి రోజులు పడుతుంది, చాలాసార్లు పూర్తిగా అవ్వదు. పురుగులు ఉన్నంత మాత్రాన పిల్ల బలహీనమని కాదు. మాత్ర లోపలున్న పురుగుల్ని తీస్తుంది, మన్నులో ఉన్నవాటిని ఆపదు. చెప్పులు వేసుకోండి, మరుగుదొడ్డి వాడండి, చేతులు కడుక్కోండి.”

గుణుపురం_స్లైడు · 7:30

బాగుంది. చివరి వాక్యం విడదియ్యండి. చెప్పులు కొంకిపురుగుకి, దాని డింభకం పాదం నుంచి దూరుతుంది. చేతులు, కూరగాయలు కడగడం ఏలికపాముకి, కొరడాపురుగుకి. రెండూ మరుగుదొడ్డితో ఆగుతాయి. మాత్ర కింద ఇది కూడా: ఏడాది నుంచి రెండేళ్ల లోపు అరమాత్ర 200 మి.గ్రా. పొడి చేసి నీళ్లలో కలిపి, రెండు నుంచి 19 ఏళ్ల దాకా 400 మి.గ్రా. నమిలి మింగాలి. చిన్నపిల్లకి మాత్ర మాత్రలాగే నోట్లో వేస్తే గొంతులో అడ్డుపడుతుంది. ఆ రోజు జ్వరంతో ఉన్న పిల్లకి ఆపి, తర్వాతి మాప్-అప్ రోజున (తప్పిపోయినవాళ్లకి వేసే రోజున) వెయ్యాలి.

నాగావళి_నీరు · 8:05

“రక్తహీనత” మాట కూడా రావాలి. లెక్క సులువు: నెకేటర్ ఒకటి రోజుకి 0.03 మి.లీ. రక్తం తాగుతుంది, యాభై ఉంటే 1.5 మి.లీ. హీమోగ్లోబిన్ 12 ఉన్న మనిషికి దాంట్లో అర మిల్లీగ్రాము పైచిలుకు ఇనుము ఉంటుంది. పేగు తిండి నుంచి రోజుకి లాగగలిగేదే ఒకటి రెండు మిల్లీగ్రాములు. కొంకిపురుగులో ఇంకో రకం, యాన్సిలోస్టోమా అయితే తాగేది ఐదింతలు. పోయిన ఇనుములో కొంత పేగు మళ్లీ పీల్చుకుంటుంది గానీ, చోడంబలి, తరవాణి మీద నడిచే ఇంట్లో గర్భిణికి ఆ లోటు పూడదు. ఐరన్ మాత్రలు వేరే వెయ్యాల్సిందే.

చాక్‌పీస్_పర్లా · 8:40

చేర్చాను. ఒక్కటే ప్రశ్న మిగిలింది. ల్యాబు కాగితంలో 41.7 అని రాశాం, మాకు వచ్చిన కిట్లలో కొన్ని టెంప్లేట్ల మీద 50 మి.గ్రా. అని ఉంది. ఎంతతో గుణించాలి?

గుణుపురం_స్లైడు · 8:52

20తో. రెండు రకాలూ ఒకే డబ్బాలో కలపకండి, రిజిస్టరులో ప్రతి స్లైడు పక్కన టెంప్లేటు సైజు రాయించండి.